ఉప్పు ఋణము



ఒకరి యుప్పు తిన్నవాడు వారికి ద్రోహము తలపెట్టరాదని మనవారు చెప్పుచుందురు. అన్నమునకు గాని కూరకు గాని దక్కని గౌరవము ఆ మాటలో ఉప్పునకు దక్కినది. నేటి నా ప్రసంగము ఉప్పునుగుఱించియే, ఋణమునుగుఱించియే. అయితే నేను చెప్పబోవునది ఉప్పు తిన్నవారి ఋణము కాదు. కొండపల్లెలకు పోయి, అచ్చటి బిడ్డల మెడలు తడవి చూచి, లెక్కలు వ్రాసికొని క్రిందికి దిగివచ్చిన నావంటి వైద్యులు ఆ పల్లెలవారికి పడిన బాకీ.

1981వ సంవత్సరమున, చలికాలపు దినములలో, నేను విశాఖపట్టణపు మన్యములో ఒక చిన్న పల్లెకు పోయితిని. ఆ ప్రాంతము ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. అప్పటికి నేను వైద్యవిద్య ముగించి రెండేండ్లు కూడ కాలేదు. పాఠశాల పిల్లలలో గళగండము ఎందఱికి ఉన్నదో లెక్కించి తెమ్మని పెద్దలు నన్ను పంపిరి. గళగండమనగా మెడకు ముందువైపున పుట్టు వాపు. బస్సు దిగి కాలిబాటన రెండు కోసులు నడచి మధ్యాహ్నమునకు పల్లె చేరితిని. గడ్డికప్పు పాకయే పాఠశాల. పిల్లలను వరుసగా నిలువబెట్టి, ఒక్కొక్కరి మెడను బొటనవ్రేళ్ళతో తడవి, గ్రుక్క మ్రింగుమని చెప్పి, గ్రంథి పెరిగినదో లేదో పుస్తకమున గుఱుతు పెట్టుచుంటిని. ఆ గ్రంథిలోని ఒక ప్రక్కభాగము ఆ పిల్లవాని బొటనవ్రేలి కొనకణుపు కంటె పెద్దదిగా చేతికి తగిలినచో గళగండమని వ్రాసికొనుట అప్పటి పద్ధతి.

ఆ పాక అరుగుమీద ఒక వృద్ధుడు చుట్ట కాల్చుకొనుచు నన్నే చూచుచుండెను. ఆయన గడ్డముక్రింద నారింజపండంత కాయ వ్రేలాడుచుండెను. నా పని ముగియువఱకు ఆయన పలుకలేదు. నేను పుస్తకము మూయగానే ఇట్లడిగెను:

"బాబూ, ఇంతకు ముందూ ఇద్దరు వచ్చేరు. మెడలు చూసేరు, రాసుకున్నారు, పోయేరు. రాసుకున్నది ఏమయిందో మాకెవరూ చెప్పలేదు. నువ్వయినా చెప్తావా?"

"తప్పకుండా వచ్చి చెప్తాను తాతా" అని నేనంటిని.

ఆ మాటను ఎట్లు నిలుపుకొంటినో చివర మనవి చేసికొందును. ముందుగా ఆ కాయ కథ చెప్పవలెను.

మన మెడలో, గొంతుముడికి దిగువగా, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్లు ఒక చిన్న గ్రంథి యున్నది. దానిని థైరాయిడు గ్రంథి యందురు. శరీరమునకు వేడిమిని, పిల్లలకు ఎదుగుదలను, మెదడునకు వికాసమును కలిగించు రసమును అది తయారుచేయును. ఆ రసమునకు ముడిసరుకు అయొడిను అను పదార్థము. కుమ్మరికి మట్టి యెట్టిదో ఈ గ్రంథికి అయొడిను అట్టిది. నూతిలో ఊట తగ్గినప్పుడు రైతు దానిని మఱింత వెడల్పుగా త్రవ్వించును గదా! ఈ గ్రంథియు అట్లే, రక్తములో దొరకిన కొద్దిపాటి అయొడినును జారవిడువక పట్టుకొనుటకై తాను పెరుగును. ఆ పెరుగుదలయే గళగండము.

కావలసినది ఎంత? పెద్దవారికి దినమునకు 150 మైక్రోగ్రాములు. అనగా ఒక గ్రామును పదిలక్షల పాళ్ళు చేసి, అందు 150 పాళ్ళు. గర్భవతికి 250 పాళ్ళు. డెబ్బదియేండ్లు బ్రతికిన మనుష్యునకు జన్మమంతటికి కావలసిన అయొడిను నాలుగు గ్రాములకు మించదు. ఒక చిన్న చెంచాలో పట్టును. అయినను దానిని ఒక్కనాడు మ్రింగి బ్రతుకంతయు ఊరకుండుటకు వీలులేదు. దినదినమును కొంచెము కొంచెముగా అందుచుండవలెను.

మెడవాపు పైకి కనబడు గుఱుతు మాత్రమే. అసలు నష్టము కనబడని చోట జరుగును. తల్లి కడుపులోనున్న శిశువునకు మొదటి నెలలలో సొంతగ్రంథి పనిచేయదు. తల్లి రసముతోనే దాని మెదడు పెరుగవలెను. తల్లికి అయొడిను మిక్కిలి కొఱతయైనచో బిడ్డ చెవిటిదై, మూగదై, కాళ్ళు చేతులు స్వాధీనము లేనిదై, బుద్ధి వికసింపనిదై పుట్టవచ్చును. గర్భము జారుటయు, చనిపోయిన బిడ్డ పుట్టుటయు కలవు. కొఱత అంత తీవ్రము కాని చోట పిల్లలు చూపునకు బాగుగనే యుందురు గాని చదువులో వెనుకబడుదురు. పల్లె కంతకును అట్లే యైనప్పుడు పోల్చుకొనుటకు మఱియొకరు లేరు గావున అది యొక లోపమని ఎవరికిని తోచదు. ఇట్టి బిడ్డలు పుట్టినప్పుడు కర్మమనియు, గ్రామదేవత ఆగ్రహమనియు చెప్పి తల్లిని నిందించినవారు కలరు. ఆమె చేసిన తప్పేమియు లేదు. ఆమె తిన్న తిండిలో ఆమె యెఱుగని కొఱత యున్నది.

ఆ కొఱత కొండసీమలలోనే ఎక్కువగా కనబడుటకు కారణము వానలు, మంచు. వేలకొలది యేండ్లుగా కురిసిన వానలును, కరగిన మంచును కొండవాలుల మట్టిని కడిగి, అందలి అయొడినును నదులగుండ సముద్రమునకు చేర్చినవి. కడుగుడుపడిన ఆ నేలలో పండిన గింజయందును, ఆ నేలపై మొలచిన గడ్డి మేసిన ఆవుపాలయందును, ఆ కొండ ఊటనీటియందును అయొడిను స్వల్పము. పల్లపుసీమవాడు నాలుగూళ్ళ సరుకు, సముద్రపు చేప తినును. కొండవాడు తన పొలము పండినదే తినును. వరదలు మట్టిని మార్చు మైదానములలోను ఈ కొఱత కలదని తరువాత తేలినది గాని, మొదట అందఱి దృష్టియు పడినది కొండలమీదనే.

నూఱేండ్లకు పైబడిన ఒక కథ చెప్పెదను. ఇప్పుడు పాకిస్తాను పాలనలోనున్న గిల్గిట్ లోయలో, ఇరువదవ శతాబ్దపు తొలియేండ్లలో, రాబర్టు మెకారిసను అను దొర వైద్యుడుగా నుండెను. అచ్చట ఎనిమిది పల్లెలు ఒకే కాలువమీద వరుసగా నుండెను. ఎగువపల్లెవారు వాడి విడిచిన నీరు దాని దిగువపల్లెకు, ఆ పల్లెవారు విడిచినది దాని దిగువకు, ఇట్లు కడపటివఱకు పాఱుచుండెను. మెకారిసను పల్లె పల్లెయు తిరిగి మెడలు లెక్కించెను. అన్నిటికంటె ఎగువపల్లెలో నూటికి ఇంచుమించు 12 మందికి గళగండముండెను. దిగువకు పోయినకొలదియు లెక్క పెరిగి, కడపటిపల్లెలో నూటికి 45 మందికి పైబడెను. నీటిలోని మాలిన్యమే ఈ వ్యాధికి మూలమని ఆయన నిశ్చయించుకొనెను. ఆ నిశ్చయమును పరీక్షించుటకు ఏమి చేసెననుకొంటిరి? ఆ నీటిని వడగట్టగా మిగిలిన మడ్డిని తానును, తనతో సమ్మతించిన కొందఱును దినదినమును త్రాగిరి. కొందఱి మెడలు ఉబ్బెను. మడ్డిని కాచి త్రాగినవారికి ఉబ్బలేదు.

ఆయన లెక్క సత్యము. ఆ లెక్కకు ఆయన చెప్పిన కారణము మాత్రము నిలువలేదు. నీటి మాలిన్యము కీడును పెంచవచ్చును గాని మూలము అయొడిను కొఱతయే. ఇందువలన మనకు తెలియునవి రెండు. నిజముగా కొలిచిన కొలత, కొలిచినవాడు పొరబడినను, తరువాతివారికి పనికివచ్చును. ఇతరుల శరీరముతో పరీక్ష చేయదలచినవాడు ముందుగా తన శరీరమును ఒడ్డుట మర్యాద. ఈ మెకారిసనే తరువాత నీలగిరులలోని కూనూరులో ఆహారపరిశోధనశాలను నెలకొల్పెను. అదియే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థయను పేర నడచుచున్నది.

థైరాయిడు గ్రంథిలో అయొడిను కలదని 1895లో జర్మనీదేశపు బౌమను కనుగొనెను. కొండదేశమైన స్విట్జర్లాండులో 1922లోనే ఉప్పునందు అయొడిను కలిపి పంచ మొదలుపెట్టిరి. అనగా ఔషధము తెలిసినది, ఖరీదైనదియు కాదు. అయినను హిమాలయపు పాదములయందలి పల్లెలలో ముప్పదియేండ్లు పైబడినను అదే వాపు, అదే మూగతనము. ఈ దేశపు గళగండమునకు కారణము వేఱుకావచ్చును, నీరు కావచ్చును, తిండి కావచ్చును అని సందేహించువారు కొందఱు. రాతియుప్పు తిను కొండవాడు వేఱుప్పు తినునా యని అడుగువారు కొందఱు. సందేహమును తీర్చు పనికి పూనుకొన్నవారు ఎవరును లేకుండిరి.

అట్టి పనికి పూనుకొన్నవాడు మన తెలుగువాడు. వులిమిరి రామలింగస్వామి 1921లో శ్రీకాకుళమున జన్మించెను. విశాఖపట్టణములో వైద్యవిద్య నేర్చి, ఆక్సుఫర్డులో పరిశోధన చేసి, కూనూరు పరిశోధనశాలలో కొంతకాలము పనిచేసెను. శ్రీకాకుళపు జిల్లాలో నౌపడా ఉప్పుమళ్ళున్న సంగతి మీలో చాలమందికి తెలియును. ఉప్పుమళ్ళ జిల్లాలో పుట్టినవాడు హిమాలయములకు ఉప్పును వెంటబెట్టుకొని పోయెను.

ఆయన యెన్నుకొన్న చోటు కాంగ్డా లోయ. ధవళధార పర్వతముల క్రింద, బియాస్ నది పాఱు సీమ అది. అప్పుడు పంజాబు రాష్ట్రములో నుండెను; 1966లో హిమాచల ప్రదేశములో కలిసెను. 1956లో ఆయనయు, డాక్టరు సూచ్ మొదలగు సహచరులును అచ్చట ఇంచుమించు లక్షమంది జనము గల పల్లెలను మూడు భాగములుగా విభజించిరి. మొదట మెడలు పరీక్షింపగా మూడు భాగములలోను నూటికి ఇంచుమించు 38 మందికి గళగండము కనబడెను. తరువాత ఒక భాగమునకు పొటాసియం అయొడైడు కలిపిన ఉప్పును, మఱియొక భాగమునకు పొటాసియం అయొడేటు కలిపిన ఉప్పును, మిగిలిన భాగమునకు ఏమియు కలుపని ఉప్పును సరఫరా చేయించిరి. రంగులోను రుచిలోను భేదము తెలియదు.

ఉప్పునే ఎందుకు ఎన్నుకొనిరి? కొండవాడు జొన్న పండించుకొనును, గొఱ్ఱెను పెంచుకొనును, నూలు వడకుకొనును. ఉప్పును మాత్రము కొనితీరవలెను. ధనికుడు పేదవానికంటె పదిరెట్లు నెయ్యి తినవచ్చును గాని పదిరెట్లు ఉప్పు తినలేడు. మందుబిళ్ళ యిచ్చినచో మఱచుట కలదు. సూదియన్నచో వెఱచుట కలదు. ఉప్పు మఱచువాడు ఎవడును లేడు. ప్రతి పొయ్యికిని, ప్రతి దినమును, ఎవరిని బతిమాలకయే చేరు వస్తువు అది యొక్కటే.

అయిదారేండ్లు గడచెను. 1962లో మరల మెడలు పరీక్షించిరి. అయొడిను కలిపిన ఉప్పు తిన్న రెండు భాగములలోను గళగండము సగమునకు, అంతకంటె తక్కువకును దిగెను. ఉత్తయుప్పు తిన్న భాగములో ఏమియు తగ్గలేదు. అదే గాలి, అదే నీరు, అదే ధాన్యము. భేదము అయొడిను ఒక్కటే. దానితో సందేహము తీరెను. అంతట ఆ మిగిలిన భాగమునకు కూడ అయొడిను ఉప్పు పంపిరి. అచ్చటను గళగండము తగ్గ నారంభించెను.

వినుటకు ఇంపుగనే యున్నది. కాని పెద్దలారా, ఆ ఉత్తయుప్పు తిన్న భాగపు తల్లులను తలచుకొన్నప్పుడెల్ల నా మనస్సు ఒక చోట నిలువదు. ఆ యేండ్లలో వారికి బిడ్డలు పుట్టిరి గదా! ప్రక్కలోయలోని తల్లికి దొరకిన రక్ష ఈ తల్లికి దొరకలేదు గదా! పరిశోధకుల పక్షమున చెప్పదగిన మాట కలదు. పోల్చి చూచుటకు ఆ భాగము లేకున్నచో, వాపు తగ్గినది రోడ్లు పడుటచేతననియో, పంటలు బాగుపడుటచేతననియో ఎవరైన అందురు. అప్పుడు తక్కిన కొండలకు ఉప్పు పోయెడిది కాదు. వారికి మునుపున్న దానిని ఎవరును లాగికొనలేదు. ఈ వాదము నాకు తెలియును. అందులో న్యాయము కలదు. అయినను న్యాయము వేఱు, ఋణము వేఱు. లెక్క తేల్చుటకై వేచియున్నవారు వారే. వారి వేచియుండుట పెట్టుబడిగా దేశమంతయు లాభము పొందెను. ఆ బాకీని కాంగ్డాలో తీర్చిరి. ఫలితము తెలియగానే ఆ పల్లెలకును ఉప్పు పోయెను. అందుచేతనే ఆ పరిశోధనను నేను గౌరవింతును.

ఇట్టిదే మఱియొక కొండసీమలో జరిగెను. న్యూగినీ ద్వీపపు పడమటి ఎత్తుసీమలలో, 1966లో, కొన్ని కుటుంబములవారికి అయొడిను కలిసిన నూనెను సూదిమందుగా ఇచ్చి, తక్కినవారికి ఉప్పునీటిని సూదిగా ఇచ్చిరి. తరువాత పుట్టిన బిడ్డలను పరీక్షించిరి. ఉప్పునీరు పొందిన తల్లుల బిడ్డలు 534 మందిలో 26 మంది చెవుడు, మూగతనము, బుద్ధిమాంద్యము మొదలగు వికారములతో పుట్టిరి. అయొడిను పొందిన తల్లుల బిడ్డలు 498 మందిలో అట్టివారు ఏడుగురు. ఆ యేడుగురిలో ఆఱుగురి తల్లులు సూది వేయునప్పటికే గర్భవతులు. అనగా గర్భము నిలిచిన పిదప ఇచ్చిన మందు ఆలస్యమైన మందు. పెండ్లికూతురు అత్తవారింట అడుగుపెట్టునాటికే ఆ యింటి ఉప్పుడబ్బాలో అయొడిను ఉండవలెను. ఆ 26 మంది బిడ్డల పేరులు నాకు తెలియవు. మన ఇండ్లలో పుట్టబోవు బిడ్డలకు ఈ సంగతి నేర్పినవారు వారు.

మన దేశమున 1962లోనే జాతీయ గళగండ నివారణ కార్యక్రమము మొదలైనది. కాని కర్మాగారములు కొలది. ఉప్పు కొన్ని కొండజిల్లాలకు మాత్రమే పోయెడిది. ఆ జిల్లాలలోను ప్రక్కనుండి ఉత్తయుప్పు తక్కువ వెలకు వచ్చి చేరెడిది. తరువాత దేశపు పలుచోట్ల పరీక్షింపగా కొండలు లేని జిల్లాలలోను ఈ కొఱత కనబడెను. కావున తినెడి ఉప్పునంతటిని అయొడిను కలిపినదిగా చేయవలెనని 1980 తరువాతి యేండ్లలో నిర్ణయించిరి. ఉత్తయుప్పును తినుటకు అమ్మరాదని 1997లో చేసిన నియమమును 2000లో తీసివేసి, 2006 మే నెలనుండి మరల అమలుపఱచిరి. చిన్న ఉప్పుమళ్ళవారి జీవనము చెడునని వాదించినవారును కలరు. ఆ మాటలోను కొంత సత్యమున్నది. కాని కాంగ్డాలో లెక్క తేలిన 1962నకును ఈ 2006నకును నడుమ 44 ఏండ్లు. మందు తెలిసిన తరువాత పోయిన యేండ్లవి.

ఇక నా సొంతకథ ముగించెదను. 1981లో నేను ఆ పల్లె లెక్కను శుభ్రముగా వ్రాసి, పంపవలసినచోటికి పంపితిని. మఱుసటి యేటనే నాకు బదిలీయైనది. పల్లెకు పోయి చెప్పుదమని ప్రతి వేసవియందును అనుకొంటిని. ప్రతి వేసవియందును ఏదో యొక పని అడ్డము వచ్చెను. నేను మరల ఆ కాలిబాట నెక్కినది 1993లో. పన్నెండేండ్లు గడచినవి. పాఠశాల పాకకు పెంకులు పడినవి. వృద్ధుడు లేడు. ఆయన కోడలు నన్ను ఆనవాలు పట్టి, "మావ పోయేవరకూ అడుగుతానే ఉండేడు, ఆ బాబు రాలేదా అని" అనెను.

ఆ యింటి వాకిట ఆఱేండ్ల బాలుడొకడు చీపురుపుల్లలతో ఆడుకొనుచుండెను. నేను పిలిచితిని. తల యెత్తలేదు. పుట్టుకనుండియు వినికిడి లేదని తల్లి చెప్పెను. చెవుడునకు కారణములు అనేకములు. ఆ బాలుని చెవుడు అయొడిను కొఱతవలననే కలిగెనని నేను చెప్పజాలను. కాదని చెప్పుటకును నాకు ధైర్యము చాలలేదు. వంటయింటిలో ఒక మూకుడునందు కళ్ళుప్పుండెను. సంతలో మూత లేని గోనెలనుండి కొలిచి యిచ్చిన ఉప్పు. నేను 1981లోనే మరల పోయి, ఈ ఉప్పు మార్చుకొనుడని చెప్పియున్నచో ఏమై యుండెడిదో ఎవరు చెప్పగలరు? ఆనాడు ఆ సంతకు మంచి యుప్పు రాకయే పోయియుండవచ్చును. కాని చెప్పుటకు నేను పోలేదు. ఆ సాయంకాలము పల్లెవారిని అరుగుమీద కూర్చుండబెట్టి, పన్నెండేండ్లనాటి లెక్కను, దాని యర్థమును చెప్పితిని. ఒక ముసలమ్మ, "ఇప్పుడు చెప్తే ఏటి లాభం బాబూ?" అని అడిగెను. నేను బదులు చెప్పలేకపోతిని. అప్పుడు కోడలు మూకుడులోని ఉప్పును చూపి, "ఇది కాకపోతే ఏ ఉప్పు కొనాల?" అని యడిగెను. ఆ ప్రశ్నకు నాయొద్ద బదులుండెను.

ఆ బదులునే మీకును చెప్పెదను. అయొడిను కలిసిన ఉప్పు సంచిమీద నవ్వుచున్న సూర్యుని బొమ్మ గుఱుతుండును. దానిని చూచి కొనుడు. సముద్రపుటుప్పు గదా, సముద్రమున అయొడిను కలదు గదా యని కళ్ళుప్పును నమ్మరాదు. మళ్ళలో నీరు ఎండి ఉప్పు తేలునప్పుడు అందు అయొడిను మిగులునది అతిస్వల్పము. ఇంటికి తెచ్చిన ఉప్పును మూత గల డబ్బాలో నుంచి, పొయ్యికి, ఎండకు, తడికి దూరముగా పెట్టవలెను. కడిగి వాడరాదు. కూర ఉడికిన తరువాత వేయుట మేలు. వాడకము చేరిన ఉప్పులో కిలో ఒక్కింటికి 15 మిల్లీగ్రాములకు తక్కువ కాకుండ అయొడిను ఉండవలెనని శాసనము. పరీక్షించుటకు చిన్న ద్రావకపు సీసాలు కలవు. చిటికెడు ఉప్పుపై ఒక చుక్క వేసినచో నీలిరంగు వచ్చును. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగినచో పరీక్ష జరిగించుకొనవచ్చును. మంచి యుప్పని చెప్పి ఎక్కువగా తినుట మాత్రము కూడదు. రక్తపుపోటు గలవారికి అది కీడు. ఏండ్లనుండియున్న పెద్దకాయ ఉప్పుతో కరగదు. దానికి వైద్యుని చూపించుకొనవలెను. ఉప్పు కాపాడునది ముఖ్యముగా పుట్టినవారిని, పుట్టబోవువారిని.

మఱియొక మనవి గ్రామపెద్దలకు. మీ ఊరికి పరిశోధన యని ఎవరైన వచ్చినప్పుడు తరిమివేయకుడు. కొలతలు లేనిదే మందులు రావు. కాని అరుగుమీద కూర్చుండబెట్టి నాలుగు మాటలు అడుగుడు. దేనికొఱకు వచ్చితిరి? మా రక్తముతో, మా లెక్కతో ఏమి చేయుదురు? వద్దనువారిని విడిచిపెట్టుదురా? తేలినదేమో మా భాషలో మాకు వచ్చి చెప్పువారెవరు, ఎప్పుడు? ఇట్లడుగుట అమర్యాద కాదు, మీ హక్కు. భారత వైద్యపరిశోధన మండలి మనుష్యులపై జరుగు పరిశోధనకు నీతినియమములను మొదట 1980లో ప్రకటించినది. అప్పుడు ఆ మండలికి అధిపతి కాంగ్డా లోయలో ఉప్పు పంచిన రామలింగస్వామియే. ఆ నియమములు పెరిగి, 2017లో ప్రకటింపబడిన రూపమున నేడును కలవు. సమ్మతి లేనిదే పరీక్ష చేయరాదని, చేసినవారు ఫలితమును ఆ జనులకు చేరవేయవలెనని అవి చెప్పుచున్నవి. కాగితముమీద నున్న ఆ మాటను పల్లెలో నిలబెట్టవలసినవారు మీరు.

వచ్చినవాని పేరును, తేదిని, అతడు చెప్పిన గడువును పంచాయతి పుస్తకమున వ్రాయించుకొనుడు. అతడు మన మెడలు వ్రాసికొనునప్పుడు మనము అతని మాటను వ్రాసికొనుటలో తప్పేమి? 1981లో ఆ వృద్ధునకు చదువు వచ్చియుండి, నా మాటను వ్రాసికొని, నా పైవారికి ఒక కార్డు ముక్క వ్రాసియున్నచో, నేను పన్నెండేండ్లు ఆగియుండను.

ఆ పల్లెకు ఇప్పుడు బండి పోవుచున్నది. కోడలు పెద్దదైనది. మొన్నటి వేసవిలో పోయినప్పుడు ఆమె తన ఉప్పుడబ్బా మూత తీసి, నేను అడుగకయే నాకు చూపినది. నేను తీర్చవలసిన బాకీలో అది యొక చిటికెడు. తక్కినది మీకు ఈ మాటలు చెప్పి తీర్చుకొనవలెనని వచ్చితిని.

సెలవు.